గుమాస్తా, పెళ్లికూతురు, పది అంగుళాల అద్దం

ఎనిమిదో అంతస్తు వాళ్లకి ఆయన దేవుడితో సమానం. మొదటి అంతస్తు వాళ్లకి ఆయనెవరో కూడా తెలియదు. ముప్ఫై ఒక్కేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషికి ఈ రెండు రకాల మర్యాదా అలవాటైపోయింది. తెలిసినవాళ్లంతా లిఫ్టాయన అనే అంటారు. జీతం కాగితం మీద తప్ప సొంత పేరుతో ఆయనకి పెద్దగా పని పడలేదు.

పగలంతా లిఫ్టు గోతుల్లో తల పైకెత్తి పనిచేసే మనిషి, ఇంటికొచ్చాక డాబా ఎక్కి నక్షత్రాల కోసం మళ్లీ తల పైకెత్తుకునే ఉండటం భార్యకి మొదట్లో వింతగా తోచింది. తర్వాత అదొక జబ్బులే అని సర్దుకుంది. ఆ జబ్బు ముదిరింది ఆరేళ్ల కిందట. వెనక వరండాలో పాత డ్రమ్ము ఒకటి నిలబెట్టి, దాని మీద పది అంగుళాల గాజు బిళ్ల పెట్టి, గరుకు పొడి చల్లి, టెలిస్కోపుకి అద్దం చేస్తానని ఇంకో బిళ్లతో రుద్దడం మొదలుపెట్టాడు. ఒకే చోట నిలబడి రుద్దితే గాజు ఒక పక్కకే అరుగుతుంది కాబట్టి డ్రమ్ము చుట్టూ తిరుగుతూ రుద్దాలి. రోజుకి గంటన్నర చొప్పున పద్నాలుగు నెలలు తిరిగాడు. వరండా గచ్చు మీద గుండ్రంగా దారి పడింది.

"పెళ్లికి ముందు నా చుట్టూ కూడా ఇన్నిసార్లు తిరగలేదు," అని భార్య వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. కానీ గాజు నునుపు తేలి, పూత వేయించుకుని ఇంటికి తెచ్చిన రోజున, అందులో మొహం చూసుకోవడానికి వంగి, ఊపిరి తగిలి ఎక్కడ మసకబారుతుందోనని ముక్కు మూసుకున్నదీ ఆవిడే.

ఆ అద్దాన్ని గొట్టంలో బిగించి నాలుగేళ్లపాటు డాబా మీద నుంచి ఫొటోలు తీశారు. తీశారంటే ఆయనా, బావమరిదీ. బావమరిదికి బజార్లో ఫొటో స్టూడియో ఉంది. కెమెరా సంగతి అతనిది, మిగతాదంతా ఈయనది. వీధి దీపాల వెలుగు దాటుకుని కనిపించినంత మేర ఆకాశాన్ని ఇద్దరూ కలిసి పిండుకున్నారు.

కిందటేడు లిఫ్టాయనకి నడుములో డిస్కు జారింది. ఆపరేషన్ చేసిన డాక్టరు నిచ్చెనలు వద్దన్నాడు, బరువులు వద్దన్నాడు, గంటలకొద్దీ నిలబడటం వద్దన్నాడు. కంపెనీ వాళ్లు ఆయన్ని గోతుల్లోంచి తీసి ఆఫీసు బల్ల ముందు కూర్చోబెట్టారు. అద్దాన్ని భార్య మెత్తటి గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, మంచం కిందికి తోసింది.

"పడుకున్నా మీ కిందే ఉంటుంది లెండి," అంది. ఓదార్చిందో వెక్కిరించిందో ఆయనకి తెలియలేదు.

ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద, ఆకాశం చూసే సంఘం వాళ్లకి షెడ్డుంది. లిఫ్టాయనా, బావమరిదీ కలిపి ఇరవై ముగ్గురు సభ్యులు. డాక్టర్లు, బ్యాంకు వాళ్లు, కంప్యూటర్ కంపెనీల వాళ్లు. అందరిలోకీ తక్కువ చదివింది ఈయనే. షెడ్డు గోడలు ఛాతీ ఎత్తు. పైన రేకుల కప్పు పట్టాల మీద పక్కకి జరుగుతుంది. ఆ పట్టాలూ, ఆ మోటారూ అమర్చింది లిఫ్టాయనే, నడుం బాగున్న రోజుల్లో. లోపల ఐదు సిమెంటు దిమ్మెలు. నాలుగింటి మీద సభ్యుల టెలిస్కోపులుండేవి. ఐదోది ఖాళీ.

వచ్చే సీజన్ నుంచి ఎవరింట్లో వాళ్లు కూర్చుని నెట్ ద్వారా టెలిస్కోపులు తిప్పుకోవాలని, అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలని సంఘం తీర్మానించింది. అధ్యక్షురాలు ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరర్ గారు. ఆమె లిఫ్టాయనకి ఫోన్ చేసి, "ఐదో దిమ్మె మీకే. మీ అద్దం పెట్టెలో మగ్గడం నాకేం బాలేదు," అన్నారు. ఆ మాటకి ఆయన రెండు రోజులు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆ అద్దం మళ్లీ వెలుగు చూడాలంటే ఇంక అదొక్కటే దారి.

సాఫ్ట్‌వేర్లు మూడు పరిశీలనకొచ్చాయి. మూడోది పాత కంప్యూటర్ల మీద తప్ప నడవనని భీష్మించుకుని మొదటి వారమే పక్కకి పోయింది. మిగిలిన రెంటిలో ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీలం రంగు తెర, గుండ్రటి బొత్తాలు, ఏ నక్షత్రం కావాలో వేలితో తాకితే చాలు. రెండోది బూడిద రంగు. సన్న అక్షరాలు, వరస వరసలుగా గడులు, అడుగడుక్కీ ఒక ప్రశ్న. సంఘమంతా మొదటిదానికే చెయ్యెత్తింది. అందరికంటే ఎత్తుగా ఎత్తింది బావమరిది.

"చూడు బావా, దీని అందం," అని ఒక శనివారం సాయంత్రం లాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టాడు. "పెళ్లికూతురులా లేదూ?"

"నీకు ఏది చూసినా పెళ్లికూతురులాగే ఉంటుంది. ఆ ఫొటోలు తీసీ తీసీ."

"మరి ఇదుగో ఈ రెండోది చూడు. తాలూకా ఆఫీసు గుమాస్తాలా లేదూ? ఆ కాగితం ఏది, ఈ సంతకం ఏది అని చంపుతుంది."

ఆ క్షణం నుంచి వాటికి ఆ పేర్లే ఖాయమైపోయాయి.

లిఫ్టాయన తెర మీది బొమ్మలేవీ చూడలేదు. పక్కకి ఒత్తిగిల్లి, "ఒక్క మాట చెప్పు," అన్నాడు. "టెలిస్కోపు పడుకుంటే కప్పు దాని మీదుగా పోతుంది. లేచి ఉంటే కప్పు అంచు వచ్చి గుద్దేస్తుంది. అంతేనా?"

"అంతే. అందుకే ముందు పడుకోబెట్టి తర్వాత కప్పు మూస్తుంది. అన్నీ అదే చూసుకుంటుంది బావా."

"పడుకోమని చెప్పేదెవరు?"

"పెళ్లికూతురే."

"పడుకుందని ఒప్పుకునేదెవరు?"

"అదే."

"పడుకుంది కాబట్టి కప్పు మూయొచ్చని తీర్పు చెప్పేదెవరు?"

"అదే అన్నాగా."

"మూడూ ఒకళ్లేనా? బాగుంది సంసారం."

వంటింట్లోంచి టీ తెస్తున్న భార్య నవ్వింది. "నీకు ఇవాళ మూడింది తమ్ముడూ. లిఫ్టులోకి ఎక్కించేశారు నిన్ను."

లిఫ్టాయనకి అది నవ్వులాట కాదు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక లాడ్జిలో లిఫ్టు బాగుచేస్తూ, తలుపు మూసుకుందో లేదో చెప్పే స్విచ్చిని పరీక్ష కోసం చిన్న తీగ ముక్కతో కలిపేశాడు. అలా కలిపితే తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసే ఉందనుకుంటుంది లిఫ్టు. పనయ్యాక తీగ విప్పడం మరిచిపోయాడు. మర్నాడు పొద్దున దుప్పట్ల మూట మోసుకొచ్చిన లాండ్రీ మనిషి తెరిచున్న తలుపులోంచి అడుగు వేయబోయాడు. లిఫ్టు అప్పటికే మూడో అంతస్తుకి పోయింది. మూట గోతిలోకి పడింది, మనిషి వెనక్కి పడ్డాడు. తేడా ఒక్క అడుగు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే చెప్పేవాడు, తన పేరుతో సహా.

"లెక్చరర్ గారికి ఫోన్ కలుపు," అన్నాడు. ఫోన్లో ఆయన చెప్పింది రెండే ముక్కలు. "మేడమ్, ఆ కప్పు కింద నా అద్దం పెట్టను. పెట్టాలంటే ముందు నా పరీక్ష ఒకటి జరగాలి."

"అందరూ ఓటేశారండీ," అన్నారామె.

"తెలుసు మేడమ్. కప్పు నేను పెట్టిందే కాబట్టి అడుగుతున్నాను."

"రెండు వారాల తర్వాత ఆదివారం. ఆ రోజు తేలకపోతే ఐదో దిమ్మె ఇంకొకళ్లకి ఇవ్వాల్సి ఉంటుంది. ఏమీ అనుకోకండి."

ఆ రెండు వారాలూ లిఫ్టాయన ఆఫీసు నుంచి రాగానే వెల్లకిలా పడుకుని, గుమాస్తాతో వచ్చిన రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని చదివాడు. ఇంగ్లీషు ఆయనకి నెమ్మదిగా వస్తుంది. వేలు పెట్టి లాక్కుంటూ పోవాలి. పదకొండో రోజున నూట నలభై ఆరో పేజీలో వేలు ఆగింది. ఏ ఒక్క స్విచ్చి నుంచి కబురు సరిగ్గా అందకపోయినా, అందిన కబుర్లు ఒకదానితో ఒకటి పొసగకపోయినా, టెలిస్కోపు ఎక్కడుందో తెలియదని పైకి చెప్పి, కప్పు కదపకుండా ఆగిపోతుందని అక్కడ రాసి ఉంది.

"ఇలా రా," అని భార్యని పిలిచి ఆ లైను చూపించాడు.

"ఏముందందులో?"

"తెలియదని ఒప్పుకుంటుందట."

"మరి మీ చెల్లెల్ని దీనికే ఇచ్చి చెయ్యాల్సింది, ఆవిడ మొగుడికి ఒప్పుకోవడమే తెలియదు," అంది ఆవిడ, పుస్తకం తిరిగి ఛాతీ మీద పెడుతూ.

ఆదివారం పొద్దున్నే కారు వెనక సీటులో పడుకుని గుట్టకి బయల్దేరాడు. తలకింద దిండు సర్దుతూ భార్య, డ్రైవరు సీట్లో బావమరిది. డిక్కీలో డ్రైనేజీకి వాడే ప్లాస్టిక్ పైపు ముక్కలు రెండు, ఇసుక సంచులు రెండు.

"ఇదేంటి బావా? షెడ్డులో బాత్రూం కడుతున్నావా?"

"కొత్త లిఫ్టులో ముందు మనుషుల్ని ఎక్కిస్తామా? ఇసుక మూటలెక్కిస్తాం. ఇవాళ నా టెలిస్కోపు ఇదే."

మిగిలిన నాలుగు టెలిస్కోపులనీ మార్పుల కోసం అప్పటికే దించి పెట్టెల్లో పెట్టారు. ఐదో దిమ్మె మీద, టెలిస్కోపుని తిప్పే మర బిగించి, దాని మీద పైపుని కట్టారు. బరువు సరిపోవడానికి లోపల ఇసుక. పైపు పడుకున్నప్పుడు సరిగ్గా దాని కింద నొక్కుకునేలా లిఫ్టాయన చిన్న చక్రమున్న స్విచ్చి ఒకటి పెట్టించాడు. లిఫ్టు తలుపుల దగ్గర వాడేదే, దాని కబురు గుమాస్తాకి అందుతుంది. తను కుర్చీలో కూర్చుని చెప్తుంటే బావమరిది బిగించాడు.

గుట్ట కింద చిన్న గదిలో కంప్యూటర్. పదిహేడు మంది సభ్యులొచ్చారు. మొదటి పరీక్ష తేలిక. పెళ్లికూతురు నడుస్తుండగా నెట్ తీగ పీకేశారు. మూడు నిమిషాలు చూసి, తనంతట తనే పైపుని పడుకోబెట్టి కప్పు మూసేసింది. చప్పట్లు మోగాయి. బావమరిది తనే కనిపెట్టినట్టు తల వంచి దణ్ణం పెట్టాడు. గుమాస్తా కూడా అదే పని చేసింది. కాకపోతే ఎనిమిది నిమిషాలు తీసుకుంది. చప్పట్లు రాలేదు.

కప్పు మళ్లీ తెరిచి, పైపుని పడుకోబెట్టే ఉంచి, పెళ్లికూతురునే నడిపిస్తూ, అందరూ టీ తాగడానికి చెట్ల నీడకి పోయారు. లిఫ్టాయన ఒక్కడే, భార్య భుజం పట్టుకుని, మెల్లగా షెడ్డులోకి వెళ్లి వచ్చాడు.

"ఇప్పుడు కప్పు మూయించు," అన్నాడు బావమరిదితో.

పెళ్లికూతురు తెర మీద పచ్చ దీపం వెలుగుతోంది. టెలిస్కోపు పడుకుని ఉంది, అని అందమైన అక్షరాల్లో రాసి ఉంది. బావమరిది బొత్తాం నొక్కాడు. మోటారు గుర్రుమంది. కొన్ని సెకన్ల తర్వాత పైనుంచి ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు, వెంటనే ఇసుక జారే చప్పుడు.

అందరూ గుట్ట మీదికి పరుగెత్తారు. పైపు నడిమికి విరిగి వేలాడుతోంది. కప్పు అంచు దాన్ని తన్నుకుని ఆగిపోయి ఉంది. ఇసుక దిమ్మె చుట్టూ కుప్ప పోసింది.

"మోసం బావా!" అని అరిచాడు బావమరిది, రొప్పుతూ దిగి వచ్చి. "నువ్వెళ్లి చేత్తో లేపావు దాన్ని!"

"లేపాను. బిగింపు వదులు చేసి, పైకెత్తి, మళ్లీ బిగించాను. మోసమేనా?"

"కాక?"

"కెమెరా అద్దం మీద దుమ్ము తుడవాలంటే నువ్వేం చేస్తావు?"

డాబా మీద నాలుగేళ్లూ వారానికోసారి బావమరిది చేసింది అదే. బిగింపు వదులు చెయ్యడం, గొట్టాన్ని చేత్తో పైకెత్తడం, తుడవడం, మాటల్లో పడి అలాగే వదిలెయ్యడం. మరకి ఆ సంగతి తెలియదు. ఆఖరిసారి తనని ఎక్కడ పడుకోమన్నారో అక్కడే ఉన్నాననుకుంటుంది.

లెక్చరర్ గారే ముందు బయటపడ్డారు. "నేనూ అలాగే తుడుస్తాను," అన్నారు. "పోయిన నెల కూడా."

కళ్ల డాక్టరు ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అందరం అలాగే చేస్తాం మేడమ్. చెప్పుకోం, అంతే."

ఇంకో పైపు ముక్క కట్టి, అదే మోసం మళ్లీ చేసి, ఈసారి గుమాస్తాకి అప్పగించారు. కప్పు మూయమన్నారు. బూడిద రంగు తెర మీద ఒక గడి ఎర్రబడింది. టెలిస్కోపు ఎక్కడుందో తెలియదు, కప్పు కదపను అంది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మాట. బావమరిది పంతానికి ఐదుసార్లు నొక్కాడు.

"మొండిఘటం," అన్నాడు. "అచ్చం నీలాగే ఉంది బావా."

ఊరికే వదిలెయ్యలేదు వాళ్లు. చదువుకున్నవాళ్లు కదా, సరైన ప్రశ్నలే వేశారు. ఆ చక్రం స్విచ్చిని పెళ్లికూతురుకీ కలపొచ్చు కదా అన్నారొకరు. బావమరిదే గంటసేపు వెతికి, "కలపడానికి చోటు లేదు. ఎవరు చెప్పినా వినే చెవి లేదు దీనికి," అని ఒప్పుకున్నాడు. అలాగైతే స్విచ్చిని నేరుగా మోటారు తీగలోనే పెట్టెయ్యొచ్చు కదా అన్నారు లెక్చరర్ గారు.

"పెడతాను మేడమ్, అదీ పెడతాను," అన్నాడు లిఫ్టాయన. "అప్పుడు కప్పు కదలదు, నిజమే. కానీ మూయమని కబురు పంపాను కాబట్టి మూసేశాననే అంటుంది పెళ్లికూతురు. ఇంట్లో మనం ఆ మాట నమ్మి పడుకుంటాం. ఇక్కడ వాన పడుతుంటుంది."

"మరి గుమాస్తా మూయనని కూర్చున్నప్పుడు వాన వస్తే?" కళ్ల డాక్టరు అడిగాడు.

"మూయలేదని మనకి తెలుస్తుంది కదండీ. కింద కాపలా ఆయనకి ఫోన్ చేస్తాం. వెళ్లి గొట్టం వాల్చేసరికి ఐదు నిమిషాలు. అద్దం తడిస్తే కడుక్కోవచ్చు. పగిలితే..."

"పగిలితే మళ్లీ పద్నాలుగు నెలలు తిరగలేరు," అంది భార్య. అందాకా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నేను తిరగనివ్వను కూడా."

లెక్చరర్ గారు మళ్లీ చేతులెత్తమన్నారు. లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. బావమరిది చెయ్యి ఈసారి అందరికంటే ఆలస్యంగా లేచింది. లేచాక మాత్రం రెండు చేతులూ ఎత్తాడు.

"గుమాస్తాని అందరికీ నేర్పే పని మీదే," అన్నారామె లిఫ్టాయనతో. "వారానికో క్లాసు. మీ ఇంటి నుంచే చెప్పండి, పడుకునే చెప్పండి."

"నేనా? వీళ్లకా?"

"నూట నలభై ఆరో పేజీ దాకా చదివింది మనలో మీరొక్కరే."

ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అద్దం గుట్టకి చేరింది. ఆ పెట్టెని కారు దగ్గర నుంచి షెడ్డు దాకా మోయాలి. ఇరవై ఎనిమిది మెట్లు. ఆరేళ్లలో ఆ అద్దాన్ని లిఫ్టాయన, పూత వేసినవాడు, భార్య తప్ప ఇంకెవరూ ఎత్తలేదు. బావమరిది చేతులు చాచి నిలబడ్డాడు. లిఫ్టాయన కాసేపు ఆ చేతుల వంక చూశాడు.

"ఉంగరాలు తీసెయ్," అన్నాడు.

బావమరిది రెండు ఉంగరాలూ తీసి అక్క చేతిలో పెట్టాడు. పెట్టెని గుండెకి ఆనించుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. వెనకే సభ్యులు, పెళ్లివారిలా. కింద గదిలో లిఫ్టాయనా, భార్యా మిగిలారు. పైనుంచి మాటలు వినపడుతున్నాయి. జాగ్రత్త, ఇటు, ఇంకొంచెం, బిగించు. తర్వాత ఫోన్ మోగింది.

"కూర్చుంది బావా. గొట్టాన్ని దాని చోట పడుకోబెట్టాను. చేత్తో కాదు, నా లాప్‌టాప్‌లో గుమాస్తాతోనే. ఇక నీ ఇష్టం."

లిఫ్టాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కప్పు మూయమన్నాడు. గుమాస్తా తన ప్రశ్నలు మొదలుపెట్టింది. గొట్టం పడుకుందా, మర చెప్పింది అవునని. చక్రం స్విచ్చి నొక్కుకుందా, స్విచ్చి చెప్పింది అవునని. దారిలో మనుషులెవరైనా ఉన్నారా, అది ఆయనే చెప్పాలి. ఆయన ఫోన్లో అడిగి, అందరూ బయటికొచ్చారని విని, లేరని రాశాడు. మోటారు కదిలింది.

"పైకెళ్లి చూడరా?" అంది భార్య. "నన్ను పట్టుకుంటే ఎక్కగలరు. మీ అద్దం మీదుగా పోతోంది ఆ కప్పు."

"అక్కర్లేదు," అన్నాడు.

ఆయన తెర కూడా చూడటం లేదు. మోటారు చప్పుడు వింటున్నాడు. తను పెట్టిన మోటారు, తను వేసిన పట్టాలు. నాలుగో అతుకు దగ్గర చక్రం చిన్నగా టక్కుమంటుందని ఆయనకి తెలుసు. టక్కుమంది. ముప్ఫై ఎనిమిదో సెకనుకి కప్పు అవతలి గోడని తాకి ఆగింది. పైన ఎవరో ఈల వేశారు.

గది గుమ్మంలోకి కాపలా ఆయన వచ్చి నిలబడ్డాడు. "ఏం పెట్టారమ్మా పైన? అందరూ అట్లా అరుస్తున్నారు?"

"అద్దం," అంది భార్య. బావమరిది ఉంగరాలు ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉన్నాయి. "మా ఆయన చేసింది. ఆ కప్పు కూడా ఆయనదే."

లిఫ్టాయన ఇవేవీ విననట్టు, గుమాస్తా చివర్లో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తున్నాడు. ఇవాళ్టి పని ముగిసిందా, ఎవరు ముగించారు అని అడిగింది. ఆ గడిలో ఆయన మొదటిసారి తన సొంత పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు.